ఈవ్ ఆన్‌లైన్‌లో ఒంటరిగా సరుకు తయారుచేసి లాభం మిగుల్చుకోవడం ఎలా

2003 మేలో మొదలైన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో ఓడలు, తుపాకులు, మందుగుండు దాదాపు అన్నీ ఆటగాళ్లే తయారుచేసి ఆటగాళ్లకే అమ్ముకుంటారు. చైనా సర్వర్ వేరు. మిగతా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో ఉంటుంది. అందుకే హైదరాబాదులో కూర్చుని ఒక్క క్యారెక్టర్‌తో నాలుగు ఫ్రిగేట్లు (చిన్న యుద్ధ ఓడలు) కట్టేవారికీ, వందల క్యారెక్టర్లతో ఫ్యాక్టరీలు నడిపే అలయెన్స్‌కీ (ఆటగాళ్ల కూటమి) ఆటలో అతిపెద్ద బజారున్న జిటా అనే నక్షత్ర వ్యవస్థలో (సిస్టమ్) పక్కపక్కనే అంగళ్లు. కొత్తగా తయారీలోకి దిగినవారు మొదటి వారంలోనే ఒక మాట అంటారు: "నాకు పడిన ఖర్చు కంటే తక్కువకే జిటాలో అమ్ముతున్నారు, ఇదెలా సాధ్యం?"

జవాబు సగం పెద్దవాళ్ల దగ్గర ఉంది, సగం మన లెక్కలోనే ఉంది. ముందు పెద్దవాళ్ల సంగతి చూద్దాం.

వాళ్ల బలం అసలు ఎంత

తయారీలో ముడిసరుకు తగ్గించేవి మూడు: బ్లూప్రింట్ (తయారీ పత్రం) ఎంఈ, అంటే దానిమీద పరిశోధన చేసి తెచ్చే సరుకు ఆదా (గరిష్ఠం 10 శాతం), స్టేషన్ రకం, దానికి బిగించిన రిగ్ అనే అదనపు పరికరం. బ్లూప్రింట్ ఎంఈ 10 అందరికీ దొరికేదే. తేడా మిగతా రెండింటిలో వస్తుంది. ఆటగాళ్లు కట్టే స్టేషన్లయిన రైటారు, ఆజ్‌బెల్, సోటియో ఏదైనా సరే ముడిసరుకు 1 శాతం తగ్గిస్తుంది. టీ1 (మామూలు రకం) రిగ్ 2 శాతం, టీ2 (మెరుగైన రకం) రిగ్ 2.4 శాతం. అయితే ఈ రిగ్ బలం హై-సెక్‌లో (పోలీసులున్న ప్రాంతం) ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, లో-సెక్‌లో (భద్రత తక్కువ) 1.9 రెట్లు, నల్-సెక్‌లో (భద్రత లేనిది) 2.1 రెట్లు అవుతుంది.

100 రూపాయల సరుకనుకోండి. హై-సెక్‌లో టీ1 రిగ్ ఉన్న రైటారులో అది 97.02 అవుతుంది. నల్-సెక్‌లో టీ2 రిగ్ ఉన్న సోటియోలో 94.01. అంటే తేడా 3 రూపాయలు. ఆ 3 రూపాయల్లోంచే వాళ్లు సరుకును జంప్ ఫ్రైటర్ అనే పెద్ద సరుకు ఓడలో జిటా దాకా తేవాలి. అదే మీరు ఏ బోనసూ లేని ఎన్‌పీసీ (ఆటే నడిపే) స్టేషన్‌లో చేస్తుంటే తేడా 6 రూపాయలు. అక్కడ చాలామంది ఓడిపోతారు, నిజానికి ఓడిపోనక్కర్లేదు.

కాబట్టి మొదటి పని: ఇండస్ట్రీ విండోలో ఫెసిలిటీస్ ట్యాబ్ తెరవండి. మీ చుట్టుపక్కల అందరికీ తెరిచి ఉన్న స్ట్రక్చర్లు, వాటి పన్ను, బోనసులు అక్కడ కనిపిస్తాయి. ఒక జాగ్రత్త ఉంది. రిగ్ ఒక్కో రకం సరుకుకే పనిచేస్తుంది. మందుగుండు రిగ్ ఉన్న రైటారులో మాడ్యూళ్లు (ఓడకి బిగించే పరికరాలు) కడితే రిగ్ బోనస్ సున్నా. జాబ్ (తయారీ పని) పెట్టే ముందు ముడిసరుకు అంకె నిజంగా తగ్గిందో లేదో కళ్లతో చూసుకోండి. ఇంకొకటి, పరాయి స్ట్రక్చర్‌లో ఇంధనం అయిపోతే మీ జాబ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఖరీదైన ఒరిజినల్ బ్లూప్రింట్‌ని అక్కడ పెట్టకండి. దాన్ని ఎన్‌పీసీ స్టేషన్‌లో ఉంచి కాపీలు తీసి, ఆ కాపీలనే తీసుకెళ్లండి.

ఎంఈ గురించి ఒక మాట. సున్నా నుంచి 10కి పట్టే మొత్తం సమయంలో సగం కంటే ఎక్కువ ఒక్క 9 నుంచి 10కే పోతుంది. ఎంఈ 9 రాగానే తయారీ మొదలుపెట్టేయండి, ఆ చివరి మెట్టు మీరు ఊరెళ్లినప్పుడు ఎక్కించవచ్చు.

రౌండింగ్ తినేసే సరుకు

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ విడివిడిగా ఒక్కో రన్ (బ్లూప్రింట్‌తో ఒకసారి చేసే తయారీ) పెట్టేవారి జేబుకి నెలనెలా చిల్లు పెడుతుంది. ఆట ముడిసరుకును రన్‌కి కాదు, జాబ్ మొత్తానికి లెక్కగట్టి, చివర్లో పై అంకెకి సర్దుతుంది. ఒక పార్ట్ రన్‌కి 15 కావాలనుకోండి. ఎంఈ 10తో 13.5. ఒక్క రన్ పెడితే 14 తీసుకుంటుంది. అలా పదిసార్లు పెడితే 140. అదే పది రన్‌లు ఒకే జాబ్‌గా పెడితే 135. ఆ పార్ట్ ఒక్కోటి లక్ష ఐఎస్‌కే (ఆటలోని డబ్బు) చేసేదైతే 5 లక్షలు ఊరికే పోయినట్టే.

రన్‌కి ఒకటే కావలసిన వస్తువు ఎన్ని బోనసులున్నా ఒకటికంటే తగ్గదు. టీ2 మాడ్యూల్‌లో పోసే టీ1 మాడ్యూల్ అలాంటిదే. పదికి పదీ కావాల్సిందే.

జాబ్ ఫీజు: చోటు మారిస్తే సగమయ్యే ఖర్చు

జాబ్ పెట్టినప్పుడు కట్టే ఫీజు ఆ వస్తువు అంచనా విలువ మీద లెక్కిస్తారు. దానిమీద సిస్టమ్ కాస్ట్ ఇండెక్స్ (ఆ సిస్టమ్‌లో జరిగే పనిని బట్టి మారే రేటు), స్టేషన్ పన్ను (ఎన్‌పీసీ అయితే 0.25 శాతం), ఎస్‌సీసీ సర్‌ఛార్జ్ (ఆట వేసే అదనపు పన్ను, 4 శాతం) పడతాయి. ఆల్ఫా (ఉచిత) ఖాతాకి ఇంకో 0.25 శాతం అదనం. ఈ రేట్లను ఆట తయారుచేసే కంపెనీ సీసీపీ అప్పుడప్పుడూ మారుస్తుంటుంది, జాబ్ విండోలో ఫీజు మీద మౌస్ పెడితే విడివిడిగా కనిపిస్తాయి.

అంచనా విలువ 10 కోట్లు ఉన్న జాబ్‌ని జిటాకి ఆనుకుని జనం కిక్కిరిసిన సిస్టమ్‌లో, ఇండెక్స్ 5 శాతం ఉన్నచోట పెడితే ఫీజు 92.5 లక్షలు. ఇండెక్స్ 1 శాతం ఉన్న మారుమూల సిస్టమ్‌లో 52.5 లక్షలు. 40 లక్షల తేడాకి నాలుగైదు జంపులు ఎక్కువ ఎగరడం ఎవరికైనా గిట్టుబాటే. ఈ అంచనా విలువకి మీ ఎంఈతో సంబంధం లేదు, మూల పరిమాణం మీదే లెక్క. ఎంఈ పెంచుకుంటే ఫీజు తగ్గుతుందనుకోవద్దు.

ఇండెక్స్ ఆ సిస్టమ్‌లో ఇటీవల జరిగిన పనిని బట్టి కదులుతుంది. ఎవరో పెద్ద కార్పొరేషన్ (ఆటగాళ్ల సంఘం) పక్కన దిగితే రెండు వారాల్లో పెరగవచ్చు. అందుకని ఒకే చోట సామాన్లన్నీ పేర్చుకుని కూర్చోకుండా, రెండో చోటు కూడా చూసిపెట్టుకోవాలి.

"నేను తవ్వుకున్న ఖనిజం ఉచితం కదా"

కాదు. జిటాలో ధర ఖర్చు కంటే తక్కువ పలకడానికి ఇదే పెద్ద కారణం, పెద్ద అలయెన్స్‌లు కాదు. ట్రిటానియం అనే ఖనిజం మీరు తవ్వినా కొన్నా, ఇవాళ బజారులో అమ్మితే ఎంతొస్తుందో అదే దాని ఖర్చు. 1 కోటి విలువ చేసే ఖనిజంతో 95 లక్షలకి పోయే ఓడ కట్టినవాడు 95 లక్షల లాభం వచ్చిందనుకుంటాడు, నిజానికి 5 లక్షలు పోగొట్టుకున్నాడు. పెరట్లో కాసిన కూరగాయలతో హోటల్ పెట్టినవాడి లెక్క ఇలాగే ఉంటుంది. అలాంటివాళ్లు పదిమంది చేరిన వస్తువులో మీరు ఎంత తెలివిగా చేసినా మిగలదు. కొత్త ఆటగాళ్లు మొదట కట్టే టీ1 ఫ్రిగేట్లు, మామూలు మందుగుండు, చిన్న తుపాకులు చాలావరకు ఈ కోవలోవే. లెక్క వేసి, వదిలేయండి.

గిట్టుబాటు ధర: ఒక టీ2 మాడ్యూల్ లెక్క

టీ2 సరుకులో ఇన్వెన్షన్ అనే అడ్డు ఉంది కాబట్టి "ఉచిత ఖనిజం" వాళ్లు తక్కువ. టీ1 బ్లూప్రింట్ కాపీ, డేటాకోర్లు (పరిశోధనకి ఖర్చయ్యే వస్తువులు) పోసి ప్రయత్నిస్తే, అదృష్టం బాగుంటే టీ2 కాపీ వస్తుంది. మాడ్యూల్ అయితే 10 రన్‌లు, ఎంఈ 2. ఓడ అయితే ఒకే రన్.

మాడ్యూళ్లకి మూల అవకాశం 34 శాతం. సంబంధిత మూడు స్కిల్స్ 3లో ఉంటే అది 43.4 అవుతుంది, 4లో ఉంటే 46.5, మూడూ 5లో ఉంటే 49.6. నాలుగు నుంచి ఐదుకి వారాలకొద్దీ శిక్షణ, వచ్చేది 3 శాతం. ముందు 4 దగ్గర ఆపి ఆ సమయం మాస్ ప్రొడక్షన్, అకౌంటింగ్ స్కిల్స్‌కి పెట్టడమే మేలు.

ఇప్పుడు లెక్క. అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రం ఇదే. ఆటలో మిలియన్లలో కనిపిస్తుంది, ఇక్కడ మన లక్షల్లో రాస్తున్నాం.

ఒక ఇన్వెన్షన్ ప్రయత్నానికి డేటాకోర్లు, కాపీ, ఫీజు కలిపి 4.6 లక్షలు. అవకాశం 46.5 శాతం కాబట్టి ఒక విజయానికి సగటున 4.6ని 0.465తో భాగిస్తే 9.9 లక్షలు. పది రన్‌లు కాబట్టి ఒక్కో మాడ్యూల్ మీద 99 వేలు. చేతిలోకొచ్చిన కాపీ మీదే లెక్కగట్టి పోయిన ప్రయత్నాల్ని మరిచిపోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ముడిసరుకు ఒక్కోదానికి 9 లక్షలు. జాబ్ ఫీజు, ఇండెక్స్ 2 శాతం ఉన్నచోట, మొత్తం 6.25 శాతం చొప్పున 56 వేలు. వెరసి తయారీ ఖర్చు సుమారు 10.55 లక్షలు.

అమ్మేటప్పుడు బ్రోకర్ ఫీజు, సేల్స్ ట్యాక్స్ కలిపి 6.5 శాతం, ధర రెండుసార్లు మార్చినందుకు ఇంకో 2 శాతం అనుకుంటే 100లో మీ చేతికొచ్చేది 91.5. అప్పుడు 10.55ని 0.915తో భాగిస్తే 11.53 లక్షలు. ఇదీ మీ గిట్టుబాటు ధర. బజారులో 11.4 లక్షలు కనిపిస్తే "8 శాతం లాభం" అనిపిస్తుంది. అమ్మితే ఒక్కోదాని మీద 12 వేలు నష్టం.

ఈ లెక్కని గూగుల్ షీట్‌లో ఒక్కసారి పెట్టుకుంటే తర్వాత ధరలు మార్చుకుంటే చాలు. ముడిసరుకు పట్టిక కోసం ఫజ్‌వర్క్ సైట్‌లోని బ్లూప్రింట్ క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు.

ఇన్వెన్షన్ ప్రయత్నాలు గుత్తగా చేయండి. 46.5 శాతం దగ్గర పది ప్రయత్నాలు చేస్తే, రెండో అంతకంటే తక్కువో మాత్రమే ఫలించే అవకాశం నూటికి 8 దాకా ఉంది. అలాంటి వారం ఒకటొస్తే చిన్న పెట్టుబడి అంతా డేటాకోర్లలోనే కరిగిపోతుంది. ఒకేసారి 30 ప్రయత్నాలకి డబ్బు సరిపోనివారు టీ2 కాపీలు కాంట్రాక్టుల్లో కొనుక్కుని తయారీ మాత్రమే చేయడం క్షేమం. కొనేటప్పుడు ఎంఈ ఎంత, రన్‌లెన్ని, ధరలో సున్నాలెన్ని అన్నది వేలు పెట్టి చదవండి. కాంట్రాక్టు మోసాలన్నీ ఆ మూడింటిలోనే ఉంటాయి.

ధర మార్చడానికి కూడా డబ్బులే

ఒకప్పుడు పక్కవాడి కంటే 0.01 ఐఎస్‌కే తగ్గించి పైకెక్కేవారు. 2020 మార్చి నుంచి ధరలో మొదటి నాలుగు అంకెల్లోనే మార్పు చేయాలి, మార్చిన ప్రతిసారీ ఫీజు కట్టాలి. అడ్వాన్స్‌డ్ బ్రోకర్ రిలేషన్స్ స్కిల్ లేనివారికి ఒక్కో మార్పుకి బ్రోకర్ ఫీజులో సగం పోతుంది, ఆ స్కిల్ 5లో ఉంటే ఐదో వంతు. ధర పెంచితే పెరిగిన భాగం మీద మామూలు ఫీజు కూడా పడుతుంది.

ఇది ఒంటరివారికి నిజంగా మేలు చేసిన మార్పు. రోజంతా కూర్చుని ధర దింపే తీరిక ఉన్నవాడికి ఇప్పుడు ఆ తీరిక ఖరీదైపోయింది. బ్రోకర్ ఫీజు 2 శాతమైతే ఐదు మార్పులకి 5 శాతం, అంటే లాభమంతా. వారానికి రెండు మార్పులకి మించకండి. కింద ఎవరో 5 ముక్కలు తక్కువ ధరకి పెట్టి, రోజుకి 60 అమ్ముడయ్యే వస్తువైతే అసలు కదిలించకండి. ఆ ఐదూ గంటలో పోతాయి, వరస మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

బ్రోకర్ ఫీజు ఆర్డర్ పెట్టినవారికే. అప్పటికే ఉన్న ఆర్డర్‌కి కొంటే ఏమీ లేదు, అమ్మితే సేల్స్ ట్యాక్స్ మాత్రమే. అకౌంటింగ్ స్కిల్ లెవల్‌కి 11 శాతం చొప్పున ఆ ట్యాక్స్‌ని తగ్గిస్తుంది కాబట్టి తయారీదారుకి మొదట కావలసిన వ్యాపార స్కిల్ అదే.

ఏ వస్తువు, ఏ ఊళ్లో

ఒంటరివారు పెద్దవాళ్లతో జిటాలో ధర మీద పోటీ పడటం దండగ. వాళ్లు వదిలేసిన చోటు పట్టుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీకి నెలకి 20 కోట్లు మిగిల్చే వస్తువు లెక్కలోకి రాదు. దాన్ని జాబ్ పెట్టడానికి, మోయడానికి, అమ్మడానికి మనిషి కావాలి, ఆ మనిషి గంట వాళ్లకి అంతకంటే విలువైనది. మీకు అలాంటివి పదిహేను దొరికితే చాలు.

వెతికేటప్పుడు ధర కంటే ముందు అమ్మకం చూడండి. మార్కెట్ విండోలో ప్రైస్ హిస్టరీ పట్టిక తెరిచి నెల రోజుల అమ్మకాల్లో మధ్యస్థ సంఖ్య చూడండి. సగటు వద్దు, ఒక్క రోజు ఎవరో 500 కొంటే సగటు అబద్ధం చెబుతుంది. అందులో పదో వంతు మీదని అనుకోండి. రోజుకి 40 అమ్ముడయ్యే ఓడ రిగ్ (ఓడకీ రిగ్‌లుంటాయి) అయితే మీకు 4, వారానికి 28. అంతే కట్టండి. ఇంకో కిటుకు: ఆ రోజు సగటు ధర కనిష్ఠం వైపు ఉంటే, అమ్మకాల్లో ఎక్కువ భాగం బై ఆర్డర్లకి (కొంటామని ముందే పెట్టినవి) పడినవి. అంటే సెల్ ఆర్డర్‌గా పెట్టిన మీ సరుకుకి నిజమైన గిరాకీ ఆ పట్టికలో కనిపించే దానికంటే తక్కువ.

సాధారణంగా నిలిచేవి చిన్న, మధ్య సైజు రిగ్‌లు, టీ2 మందుగుండు, టీ2 డ్రోన్లు. బరువు తక్కువ, వాడేకొద్దీ పోతాయి, మళ్లీ కొనాలి. రిగ్‌ని పీకితే పగిలిపోతుంది కాబట్టి కొత్త ఓడకి కొత్త రిగ్ కావాల్సిందే. ఓడలు మోయడం కష్టం: ప్యాక్ చేసిన ఫ్రిగేట్ 2,500 ఘనపు మీటర్లు, క్రూయిజర్ 10,000, బ్యాటిల్‌షిప్ 50,000. అదే కష్టం మిగతావాళ్లకీ ఉంది కాబట్టి జిటాకి దూరంగా ఉన్న ఊళ్లో కట్టి అక్కడే అమ్మితే ఓడలూ లాభమే. ఖనిజాలు అక్కడే బై ఆర్డర్ పెట్టి కొనాలి.

ఊళ్ల విషయానికొస్తే అమర్, డొడిక్సీ, రెన్స్, హెక్ రెండో వరస బజార్లు. 2020లో నియార్జా అనే సిస్టమ్ పోచ్‌వెన్ అనే ప్రమాదకర ప్రాంతంలో కలిసిపోవడంతో జిటాకీ అమర్‌కీ మధ్య ఉన్న దగ్గరి హై-సెక్ దారి తెగిపోయింది. దారి ఎంత కష్టమైతే ధరల తేడా అంత నిలుస్తుంది. వీటికంటే లాభం ఫ్యాక్షన్ వార్‌ఫేర్ (ఆటలోని రాజ్యాల మధ్య యుద్ధం) జరిగే లో-సెక్ స్టేషన్లలో. అక్కడ కొనేవాడికి అర్జెంటు: ఓడ పోయింది, ఇంకొకటి ఇప్పుడే కావాలి. జిటా ధరకి 20 శాతం పైన పెట్టినా కొంటాడు, ఒక షరతు మీద. అంతా ఒకేచోట దొరకాలి. హల్ (ఖాళీ ఓడ) పెట్టి, గన్స్ పెట్టి, ఆఫ్టర్‌బర్నర్ పెట్టడం మరిచిపోతే అతను జిటాకి పోయి మిగతావీ అక్కడే కొంటాడు. అందుకని ఒక స్టేషన్ ఎంచుకుని, ఆ చుట్టుపక్కల వారం రోజుల నష్టాలు జెడ్‌కిల్‌బోర్డ్‌లో (పగిలిన ఓడలు నమోదయ్యే సైట్) చూసి, ఎక్కువగా పగిలే రెండు మూడు ఫిట్టింగ్‌లని (ఓడ, దానికి బిగించే సామాన్లు) ఆఖరి రిగ్, మందుగుండు దాకా నింపండి. ఒక్కో ఫిట్టింగ్‌వి పది సెట్లతో మొదలుపెట్టవచ్చు.

ఆర్డర్ స్లాట్లు దీనికి త్వరగా అయిపోతాయి. మొదట 5 ఉంటాయి, ట్రేడ్ లెవల్‌కి 4, రిటైల్ లెవల్‌కి 8 కలుస్తాయి. ట్రేడ్ 4, రిటైల్ 3తో 45. ఒక్క స్టేషన్‌కి అది చాలు.

మోత

చవక ఇండస్ట్రియల్ ఓడలో విలువైన సరుకు వేసి ఆటోపైలట్ పెట్టి టీకి వెళ్లినవారి సరుకు ఉయెడామా లాంటి చోట్ల పోతుంది. హై-సెక్‌లో కాన్‌కార్డ్ పోలీసులు కాల్చినవాడిని శిక్షిస్తారే గానీ మీ ఓడని కాపాడరు. గ్యాంకర్లు (దారికాచి కొట్టేవారు) కార్గో స్కాన్ చేసి, తాము పోగొట్టుకునే ఓడల ఖరీదు కంటే మీ సరుకు విలువ ఎక్కువైతేనే కొడతారు. కాబట్టి విలువని రెండు మూడు ట్రిప్పులుగా విడగొట్టండి. చిన్న, ఖరీదైన సరుకుకి బ్లాకేడ్ రన్నర్ సరైనది: దాని కార్గో స్కాన్‌కి చిక్కదు, మాయమై ఎగరగలదు. లావు సరుకుకి డీప్ స్పేస్ ట్రాన్స్‌పోర్ట్, ఫ్లీట్ హ్యాంగర్ ఒక్కటే 50,000 ఘనపు మీటర్ల పైన ఉంటుంది. ఈ రెండూ నడపాలంటే ఒమేగా (చందా కట్టే) ఖాతా కావాలి. అది లేనివారు కొరియర్ కాంట్రాక్టు పెట్టి, కొలాటరల్ (మోసేవాడు కట్టే హామీ సొమ్ము) సరుకు విలువకి సమానంగా ఉంచాలి. తక్కువ పెడితే మోసేవాడికి సరుకు ఎగ్గొట్టడమే లాభం.

మన గడియారం

ఆట గడియారం యూటీసీ. రోజూ 11:00కి, అంటే మన సాయంత్రం నాలుగున్నరకి సర్వర్ కాసేపు ఆగుతుంది. యూరప్ వాళ్లు ఆఫీసుల నుంచి వచ్చి ఆట తెరిచేది మనకి రాత్రి పదిన్నర, పదకొండు దాటాక. మనవాళ్లు చాలామంది సాయంత్రం ఆరింటికి ధరలు సరిచేసి నిద్రపోతారు, అసలు కొనుగోళ్ల వేళకి వరసలో కిందికి జారిపోయి ఉంటారు. వారానికి రెండే మార్పులు చేసేటట్టయితే అవి శుక్ర, శనివారాల రాత్రి పదిన్నరకి చేయండి. జాబ్‌లు మాత్రం పొద్దున్నే పెట్టుకోవచ్చు. వాటి నిడివి 20 నుంచి 22 గంటలు ఉండేలా రన్‌లు సర్దుకుంటే, రోజూ ఒకే వేళకి ఒకసారి లాగిన్ అయి, పూర్తయినవి తీసి కొత్తవి పెట్టడానికి పావుగంట పడుతుంది. సరిగ్గా 24 గంటలు పెడితే రోజుకో పది నిమిషాలు ఆలస్యమై, నెలాఖరుకి ఐదు గంటలు జరిగి, పొద్దున్నే పెట్టాల్సిన జాబ్ మధ్యాహ్నానికి చేరుతుంది.